తెలుగు రాతలో తారుమారయ్యే మాటలు: అనుమానం తీర్చుకునే పద్ధతి

కొన్నేళ్ల క్రితం ఒక సభకు ఆహ్వానపత్రం ప్రూఫు దిద్ది ఇచ్చాను. ‘పురస్కారాల ప్రదానోత్సవం’ అని సరిచూసి పంపిన ఆ మాట, సభ రోజున వేదిక వెనకాల కట్టిన ఫ్లెక్సీ మీద ‘పురస్కారాల ప్రధానోత్సవం’గా దర్శనమిచ్చింది. ఫ్లెక్సీ వేసిన కుర్రవాణ్ణి అడిగితే, దకారానికి ఒత్తు పెట్టడం నేను మరిచిపోయాననుకుని తానే చేర్చానని ఎంతో వినయంగా చెప్పాడు. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యమైనది. దానం అన్న మాట ఆ అబ్బాయికి తెలియనిది కాదు, ప్రధానమంత్రి అన్న మాటా తెలియనిది కాదు. తెలియనిదల్లా, ప్రదానంలో ఉన్నది దానమేనన్న సంగతి.

తారుమారయ్యే జంటపదాల పట్టికలు బడి పుస్తకాల్లోనూ పోటీ పరీక్షల గైడ్లలోనూ బోలెడున్నాయి. వాటిని బట్టీ పట్టినవారు పట్టికలో ఉన్న జంట దగ్గర తప్పించుకుని, లేని జంట దగ్గర దొరికిపోతారు. దానికన్నా, ఏ మాటలోనైనా అనుమానం వచ్చిన అక్షరాన్ని తేల్చుకునే దారి ఒకటి అలవాటు చేసుకోవడం మేలు. అనుమానం ఉన్న మాటను విడదీసి, దానికి చుట్టమై ఉండి, మనకు ఏ అనుమానమూ లేని మరో మాటను పట్టుకోవడమే ఆ దారి. కిందివి ఆ దారిలో వరుసగా వేయవలసిన అడుగులు.

1. మాట ఏ ఇంటిదో చూడండి

అచ్చతెలుగు మాటల్లో ఒత్తక్షరాలు, అంటే ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ, దాదాపుగా ఉండవు. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో తెలుగుకు ముప్పయ్యారు వర్ణాలని చెప్పినప్పుడు ఈ పదింటినీ ఆ లెక్కలో చేర్చలేదు. కాబట్టి మాట మన ఇంటిదేనని తేలితే ఒత్తు గురించి ఆలోచించే పనే లేదు. ‘ధీటైన జవాబు’ అని వార్తల్లో తరచూ కనిపిస్తుంది, అది దీటు. ‘భరువు బాధ్యతలు’ అని రాసేవారికి భారం గుర్తుకొచ్చి ఉంటుంది. కానీ భారం సంస్కృతం, బరువు తెలుగు. నలభై, యాభై, ఎనభై వంటి సంఖ్యలు, ఢమఢమ, ఛీ వంటి ధ్వన్యనుకరణలు, ఘాటు లాంటి ఒకటి రెండు మాటలు దీనికి మినహాయింపులు. కచేరీల, అంటే ప్రభుత్వ కార్యాలయాల ద్వారా వచ్చి చేరిన దాఖలు, ఖర్చు, ఖరారు వంటి మాటలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటికి వాడుకే దిక్కు.

మాట సంస్కృతం నుంచి వచ్చిందని తేలితే రెండో అడుగు వేయాలి.

2. ముందు భాగం తీసి పక్కన పెట్టండి

ప్ర, పరి, నిర్, సం, ఆ, వి వంటి ఉపసర్గలు ముందు వచ్చి చేరినప్పుడు అసలు మాట మరుగున పడుతుంది. ‘నిర్’ అన్నదాన్ని పక్కకు తీస్తే చాలు, నిర్దోషిలో దోషం, నిర్దయలో దయ, నిర్ధారణలో ధారణ తేలి కనిపిస్తాయి. కోర్టు వార్తలో ‘నిర్ధోషి’ అని రాసిన విలేఖరి ‘ధోషం’ అని ఏనాడూ రాసి ఉండడు. సంబంధం, నిర్బంధం, ప్రబంధం, ఈ మూడింటిలోనూ ఉన్నది బంధమే కనుక ‘సంభంధం’ అన్న రాతకు తావే లేదు. అలాగే సంబోధన, ప్రబోధం రెండింటిలోనూ ఉన్నది బోధ.

అధరం, ఆదరం, ఆధారం అనే మూడింటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. అధరం పెదవి. ఆదరం మన్నన, ఆదరించు దాని చుట్టం. ఆధారం మోసేది, నిలబెట్టేది. ధరించు, ధారణ దాని చుట్టాలు. ‘ప్రేక్షకుల ఆధరణతో విజయవంతంగా నడుస్తున్న’ అని సినిమా ప్రకటన వస్తే, ఆ ప్రేక్షకులు సినిమాను మన్నించలేదు, మోస్తున్నారన్నమాట. ఒక్కోసారి అదే నిజం కావచ్చు గానీ, ప్రకటన వేయించినవారి ఉద్దేశం మాత్రం అది కాదు.

3. చుక్క చూడండి: థ, ధ

తెలుగులో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. ద కింద నిలువు గీత పెడితే ధ అవుతుంది. దాని పొట్టలో చుక్క కూడా పెడితే థ అవుతుంది. తేడా అంతా ఆ ఒక్క చుక్కే. అర్థం, తీర్థం వంటి మాటల్లో ఈ అక్షరం ఒత్తుగా మారి ర కింద చిన్నదై కూర్చుంటుంది కనుక, చిన్న అక్షరాల అచ్చులో ఆ చుక్క మసిబారి కనిపించకుండా పోతుంది. చదివేటప్పుడు కనిపించని చుక్క రాసేటప్పుడు గుర్తుకు రాదు. పైగా మన నోటిలో థ, ధ రెండూ ఒకేలా పలుకుతాయి. తెలుగువారిలో చాలామంది ‘కథ’ను ‘కధ’ అనే అంటారు. కంటికీ చెవికీ ఆధారం దొరకనప్పుడు మిగిలింది చుట్టరికమే.

అర్థం అంటే భావం, ప్రయోజనం, ధనం, కోరదగినది. అర్ధం అంటే సగం. విద్యార్థి విద్యను కోరేవాడు, అభ్యర్థి పదవినో ఉద్యోగాన్నో కోరేవాడు, స్వార్థం తన ప్రయోజనం, అర్థశాస్త్రం ధనానికి సంబంధించినది. ఇవన్నీ థకారం వైపువి. అర్ధరాత్రి, అర్ధాంగి, అర్ధనారీశ్వరుడు, అర్ధశతాబ్ది సగానికి సంబంధించినవి కాబట్టి ధకారం వైపువి. ‘విద్యార్ధి’ అని రాస్తే విద్యలో సగంవాడని పరీక్షాధికారి చమత్కరించే అవకాశం ఉంది.

ఇక మిగతా మాటలకు నేను పాటించే ఉపాయం చెబుతాను. మనం రోజూ వాడే మాటల్లో థ వచ్చేవి తక్కువ, ధ వచ్చేవి ఎక్కువ. అందుచేత తక్కువ ఉన్నవాటిని ఒక కాగితం మీద రాసి బల్ల దగ్గర అంటించుకుంటే సరిపోతుంది: కథ, గాథ, రథం, పథం, శపథం, వ్యథ, వృథా, మథనం, గ్రంథం, తీర్థం, ప్రార్థన, సమర్థత, తిథి, అతిథి, ప్రథమం, శిథిలం, అనాథ, యథా, తథా, మిథ్య, పృథ్వి. వీటికీ వీటి సంతానానికీ థ రాయాలి. తక్కిన చోట్ల ధ రాస్తే తప్పే అవకాశం బాగా తగ్గిపోతుంది. యథా చేరింది కాబట్టి యథావిధి, యథాతథం, యథాశక్తి కూడా చేరినట్టే. పథం ఉంది కనుక పథకం ఉంది. మెడలో వేసే పతకం దీనికి ఏమీ కాదు. ప్రభుత్వం ప్రవేశపెట్టేది పథకం, క్రీడాకారిణి గెలుచుకునేది పతకం.

ఇందులో గాథ కొంచెం మెలిక ఉన్న మాట. విజయగాథ, వీరగాథ అన్నప్పుడు కథ లాంటిదే కనుక థ. అగాధం అన్నప్పుడు మాత్రం ధ. అక్కడ గాధం అంటే లోతు తక్కువైనది, అది కానిది అగాధం. ‘విజయగాధ’ అని శీర్షిక పెట్టిన ప్రతిసారీ ఆ విజయాన్ని మోకాటి లోతు నీళ్లలో నిలబెట్టినట్టవుతుంది.

4. ఒక ధాతువుకు ఒకటే ఒత్తు

బాధను ‘భాధ’ అని, దృఢాన్ని ‘ధృఢం’ అని, గాఢాన్ని ‘ఘాఢం’ అని రాసేవారిని తప్పుపట్టడం సులభమే గానీ, ఎందుకు తప్పో చెప్పేవారు తక్కువ. సంస్కృత ధాతువుల్లో, అంటే మాటలు పుట్టే మూలరూపాల్లో, మొదటి హల్లుకూ చివరి హల్లుకూ రెండింటికీ ఒత్తు ఉండదు. ఒకదానికి ఉంటే రెండోదానికి ఉండదు. ఈ సంగతిని జర్మనీకి చెందిన గణితవేత్త, ఋగ్వేద పండితుడు హెర్మన్ గ్రాస్‌మన్ 1863లో సూత్రీకరించాడు. భాషాశాస్త్రంలో ఆ సూత్రం ఆయన పేరుతోనే ఉంది.

మనకు ఇది చేతికందిన కొలబద్ద. బాధ, బోధ, బంధువు, బుద్ధి, దగ్ధం, దీర్ఘం, గాఢం, దృఢం, కంఠం వంటి వాటిలో చివర ఒత్తు ఉంది కాబట్టి మొదట ఉండదు. భేదం, ఛేదం, భాద్రపదం, ఛందస్సు వంటి వాటిలో మొదట ఉంది కాబట్టి తర్వాత ఉండదు. కరెంటు స్తంభాన్ని ‘స్థంభం’ అని రాయడం కూడా ఇదే కొలతకు తప్పు. భకారానికి ఒత్తు ఉండగా తకారానికి ఇంకొకటి అక్కరలేదు. రెండు మాటలు కలిసిన సమాసాలకు, ఉపసర్గ చేరిన మాటలకు ఈ నియమం వర్తించదు. భూధరంలో భూ వేరు, ధర వేరు.

5. స్త, స్థ; ష్ట, ష్ఠ

నిలబడటం, ఉండటం అన్న భావం ఎక్కడ ఉందో అక్కడ ‘స్థా’ ధాతువు ఉంటుంది. స్థలం, స్థానం, స్థితి, సంస్థ, వ్యవస్థ, ప్రస్థానం ఆ కుటుంబం. స్తుతి, స్తోత్రం, ప్రస్తావన, విస్తరణ, అస్తమయం దానికి చెందవు. ఇంటికి వచ్చిన నోటీసులో ‘ఆస్థి పన్ను’ అని ఉంటే, అది ఆస్తికీ అస్థికీ పుట్టిన బిడ్డ. ఆస్తి సొత్తు, అస్థి ఎముక.

ఆ ‘స్థా’ ధాతువే కొన్ని చోట్ల ‘ష్ఠా’గా మారుతుంది. ప్రతిష్ఠ, నిష్ఠ, అనుష్ఠానం, అధిష్ఠానం అలా వచ్చినవే. అన్నిటికన్నా ఎక్కువ లేదా తక్కువ అనే భావం ఉన్న శ్రేష్ఠ, జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ కూడా ఠకారం వైపే ఉంటాయి. జరిగిపోయిన పనినో, పని ఫలితాన్నో చెప్పే ఇష్టం, నష్టం, దుష్టుడు, విశిష్టం, సృష్టి, దృష్టి, వృష్టి టకారం వైపువి. వాతావరణ వార్తలో ‘గరిష్ట ఉష్ణోగ్రత’ అని కనిపించినప్పుడు ఇక మీ కన్ను అక్కడ ఆగుతుంది.

6. శ, స

‘సం’ అనే ఉపసర్గ ఉన్న మాటలన్నీ సకారంతోనే ఉంటాయి. వ్యవసాయ వార్తల్లో కనిపించే ‘శంకర జాతి ఆవులు’ ఈ సంగతి మరిచిపోయినందువల్ల వచ్చినవి. సంకరం అంటే కలగలుపు. శంకరుడు శుభం చేసేవాడు. స్వేదం చెమట, శ్వేతం తెలుపు. ‘శ్వేదం’ అన్న మాట లేదు. కారడం స్రావం కాబట్టి రక్తస్రావం, వినడం శ్రవణం. ఆపరేషన్‌కు తెలుగులో శస్త్రచికిత్స అన్నప్పుడు అందులో ఉన్నది శస్త్రం, అంటే కత్తి, శాస్త్రం కాదు. సకలం సర్వమూ, శకలం ముక్క. కూలిన విమానం ‘సకలాలు’ దొరికాయని రాస్తే మొత్తం విమానం దొరికినట్టే.

7. న, ణ

ఇది నాకు ఎంతో ఇష్టమైన అడుగు. రామాయణంలో ణ ఎందుకు, రసాయనంలో న ఎందుకు? రెండింటి చివరా ఉన్నది ‘అయనం’ అన్న ఒకే మాట. పాణిని సంస్కృత వ్యాకరణమైన అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయం నాలుగో పాదం మొదట్లోనే దీనికి జవాబు ఉంది. మాటలో ముందు ర, ష, ఋ లలో ఏదైనా ఉంటే తర్వాత వచ్చే న, ణగా మారుతుంది. మధ్యలో అచ్చులు, కవర్గం (క నుంచి ఙ వరకు), పవర్గం (ప నుంచి మ వరకు), య, వ, హ, సున్న వచ్చినా ఫరవాలేదు. చవర్గం, టవర్గం, తవర్గం, ల, శ, స అడ్డు వస్తే మాత్రం న మారదు.

ఇప్పుడు వేలితో అక్షరాలు దాటుకుంటూ వెళ్లండి. రామాయణంలో ర తర్వాత మ వచ్చింది, పవర్గం కాబట్టి దారి తెరిచే ఉంది, య వచ్చింది, అదీ అడ్డు కాదు, కాబట్టి ణ. రసాయనంలో ర తర్వాత స వచ్చి దారి మూసింది, కాబట్టి న. ఇదే వేలితో ప్రయాణం, ప్రమాణం, నిర్మాణం, నిర్వహణ, నిరూపణ, ఆక్రమణ, గ్రహణం, ఘర్షణ సరిచూసుకోవచ్చు. ప్రకటన, పర్యటన దగ్గర టకారం, రచన, అర్చన దగ్గర చకారం, పరిపాలన దగ్గర లకారం, దర్శనం దగ్గర శకారం అడ్డుపడ్డాయి. కీర్తనలో తకారం, ప్రార్థనలో థకారం అడ్డు. మొదట చెప్పిన ప్రదానం, ప్రధానం రెండింటిలోనూ న మారకపోవడానికి ద, ధ కారణం. రెండు మాటలు కలిసిన సర్వనాశనం, పరనింద వంటి సమాసాల్లో సాధారణంగా ఈ మార్పు జరగదు. రామాయణం, శూర్పణఖ పేర్లుగా స్థిరపడ్డాయి కాబట్టి వాటిలో జరిగింది.

సూత్రం అందని చోట అర్థమే గతి. అణువు సూక్ష్మమైనది, అనువు వీలైనది. నివాసానికి ఇల్లు అనువుగా ఉండాలి గానీ అణువుగా ఉండకూడదు.

8. ఋ, రు

ఇక్కడ కూడా చుట్టమే చెప్పాలి. శ్రవణం, శ్రోత ఉన్న కుటుంబంలో పుట్టింది శ్రుతి. అందులో ‘శ్రు’ ఉంది కాబట్టి ‘శృతి మించింది’ అని రాయకూడదు. స్మరణ కుటుంబంలో పుట్టింది స్మృతి. అక్కడ ఋకారమే సరి. ధ్రువనక్షత్రం, ధ్రువం, ధ్రువపత్రం, ధ్రువీకరణ అన్నీ రుకారానివే అయినా, మనం ఎక్కువగా చూసే రాత ‘ధృవీకరణ పత్రం’. గృహం ఇల్లు, గ్రహం ఆకాశంలో తిరిగేది. ఆహ్వానపత్రాల మీద ‘గ్రుహప్రవేశం’ ఈ రెండింటికీ మధ్య ఎక్కడో వేలాడుతోంది.

9. ల, ళ

ఇది మన సొంత ఇంటి వ్యవహారం. సంస్కృత చుట్టాలు పనికిరారు, బహువచనం పనికొస్తుంది. ఏకవచనంలో ల్లు ఉన్న మాట బహువచనంలో ళ్లు అవుతుంది: ఇల్లు ఇళ్లు, ముల్లు ముళ్లు. కాలు కాళ్లు, ఊరు ఊళ్లు, గోరు గోళ్లు, తాడు తాళ్లు, కన్ను కళ్లు కూడా ఈ బాటలోనివే. చేతి వేలు, చెట్టు వేరు, రెండూ బహువచనంలో వేళ్లే. కాబట్టి ‘కాలికి ముళ్లు గుచ్చుకుంది’ అన్న వాక్యంలో ముళ్లు ఎన్ని, క్రియ ఎంత అని చూస్తే తప్పు బయటపడుతుంది. కల్లు తాటిచెట్టుది, కళ్లు మనిషివి. వెళ్లి అంటే పోయి. ఆనందం మాత్రం వెల్లివిరుస్తుంది. వెల ధర, వేల సంఖ్య, వేళ సమయం. ‘ఎన్నికల వేల కోట్ల ఖర్చు’ అన్న శీర్షికలో ఖర్చు ఎన్నికల సమయంలోనిదో, కొన్ని వేల కోట్లదో చదివినవారికి తేలదు.

10. అక్షరం సరిగ్గానే ఉన్నా మాట మారిపోయిన చోట్లు

ఇంతవరకు చెప్పిన పరీక్షలు ఎక్కువగా లేని మాటను పట్టిస్తాయి. ఉన్న మాటే చోటు తప్పి కూర్చుంటే వాక్యం చదివే తేల్చుకోవాలి. కృతజ్ఞతలో ‘జ్ఞ’ ఉంది, చేసిన మేలు తెలిసినవాడు కృతజ్ఞుడు. కృతఘ్నతలో ‘ఘ్న’ ఉంది, మేలును చంపేవాడు కృతఘ్నుడు. సన్మానసభలో ‘కృతఘ్నతలు’ చెప్పిన వక్తను ఎవరూ ఆపలేరు, అచ్చులోనైనా ఆపాలి. పరిమాణం కొలత, పరిణామం మార్పు, ప్రమాణం ఒట్టో ఆధారమో. ప్రసాదం గుడిలో పెట్టేది, ప్రాసాదం రాజు ఉండేది. ఉద్దేశం మనసులోని తలపు. ఉద్దేశ్యం వ్యాకరణంలో విధేయానికి జంటగా వచ్చే పారిభాషిక పదం కాబట్టి, ‘నా ఉద్దేశ్యం’ అనడం కన్నా ‘నా ఉద్దేశం’ అనడం మంచిది. నేటి తెలుగులో కక్ష పగ, కక్ష్య ఉపగ్రహం తిరిగే దారి. శ్రీహరికోట నుంచి పంపిన ఉపగ్రహాన్ని ‘కక్షలోకి’ ప్రవేశపెట్టారని రాస్తే దానికి ఎవరితోనో పాత తగాదా ఉన్నట్టవుతుంది.

11. కీబోర్డును నమ్మకండి, నిఘంటువు తెరవండి

ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవారికి త, థ రెండూ ఒకే మీటల దగ్గర ఎదురవుతాయి. ద, ధల దగ్గరా తొందరలో అదే ఇబ్బంది. పైన సూచనగా వచ్చిన మాటను చూడకుండా నొక్కితే చాలామంది చేసిన తప్పే మీ చేతా జరుగుతుంది. యూనికోడ్‌లో థ, ధ వేర్వేరు అక్షరాలు కనుక, మీ ఫైలులో ‘గ్రంథం’ కోసం వెతికితే ‘గ్రంధం’ దొరకదు. దీన్నే మనకు అనుకూలంగా మార్చుకోవచ్చు: రాయడం పూర్తయ్యాక ‘ర్ధ’, ‘ంధ’, ‘స్థ’ వంటి అక్షరాలను వెతికించి, వచ్చిన ప్రతి చోటా ఆగి చూడండి. నా అనుభవంలో వంద పేజీల పుస్తకానికి ఈ పని ఒక పూట తీసుకుంటుంది.

అప్పటికీ తేలని మాటకు నిఘంటువు. 1852 నాటి బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కునే వీలుంది. ఆంధ్రభారతి సైటులో ఒకే మాటను పలు నిఘంటువుల్లో ఒకేసారి చూడవచ్చు. అక్కడ కొన్ని మాటలకు రెండు రూపాలూ కనిపిస్తాయి: కోశం, కోషం; క్రిమి, కృమి; వసిష్ఠుడు, వశిష్ఠుడు. సంస్కృతంలో వీథి అయినది తెలుగు వాడుకలో వీధిగా స్థిరపడింది. ఇలాంటి వాటి దగ్గర రచయితతో వాదించే పని పెట్టుకోను; ఆయన మొదటి అధ్యాయంలో ఏది రాశారో చూసి, చివరి అధ్యాయం దాకా అదే ఉంచి, పక్కన పెన్సిలుతో పేజీ సంఖ్య వేసుకుంటాను.